గొర్రెల కాపరి చదవకూడదన్న పుస్తకం: ఇంగ్లీషు బైబిల్ తొలి రోజులు (ప్రసంగ పాఠం)

(ఆడియో విని టైప్ చేసింది. మాట్లాడినట్టే ఉంచేశాం, దిద్దలేదు.)

అందరికీ నమస్కారమండి. వెనకాల కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? సరే.

నాకిచ్చిన టాపిక్ ఇంగ్లీషు బైబిల్ మొదట్లో ఎలా తయారైంది అని. దీనిమీద అందరం విన్న కథ ఒకటుందండి, సండే స్కూల్లోనూ అదే, యూట్యూబ్‌లోనూ అదే. చర్చివాళ్ళు బైబిల్ని లాటిన్‌లో దాచిపెట్టుకున్నారు, వైక్లిఫ్ అనే ఆయన మొదటిసారి ఇంగ్లీషులోకి తెచ్చాడు, తర్వాత టిండేల్‌ని కాల్చేశారు, ఆ తర్వాత కింగ్ జేమ్స్ బైబిల్ వచ్చింది, శుభం. అబద్ధమని అనను గానీ దీంట్లో వైక్లిఫ్ ముందరి ఏడువందల ఏళ్ళు ఎగిరిపోయాయి. అవి కూడా కలిపి చూస్తే నాకు కనపడేది వేరే. ఇంగ్లీషులోకి మార్చినందుకు చాలాకాలం ఎవరికీ కోపం రాలేదండి. అది ఎవడి చేతిలో పడుతోంది అన్న దగ్గర మొదలైంది గొడవ.

ఏడో శతాబ్దం నుంచి చూద్దాం. ఇంగ్లాండు ఈశాన్యంలో సముద్రం ఒడ్డున విట్బీ అని ఊరు, అక్కడో మఠం, మగవాళ్ళూ ఆడవాళ్ళూ ఇద్దరూ ఉండే మఠం, దానికి పెద్ద హిల్డా అనే ఆవిడ. అక్కడ పశువులు చూసుకునే కాడ్మన్ అనే అతనికి పాట రాదు, విందుల్లో వంతులవారీగా పాడుతుంటే తన వంతు వచ్చేలోపే లేచి పశువుల కొట్టంలోకి జారుకునేవాడట. ఒక రాత్రి కలలో ఎవరో కనపడి సృష్టి గురించి పాడమన్నారు, పాడాడు, పొద్దున్నే ఈ సంగతి హిల్డా దాకా వెళ్ళింది. ఆవిడ పండితుల్ని కూర్చోబెట్టి అతనికి బైబిల్ కథలు వినిపించడం, అతను వాటిని తన ఇంగ్లీషులో పాటలు కట్టడం, ఇలా నడిచింది. 731లో బీడ్ అనే సన్యాసి రాసిన చరిత్రలో ఉంది ఇదంతా. కల సంగతి మీ ఇష్టం, నమ్మితే నమ్మండి. నేను చూసేది ఏంటంటే, అక్షరమ్ముక్క రాని పశువుల కాపరి నోట ఆదికాండం వినపడితే మఠంవాళ్ళు మురిసిపోయారు, అదీ.

ఆ బీడ్ కూడా, 735లో జారో మఠంలో చనిపోయేముందు యోహాను సువార్తని ఇంగ్లీషులోకి చెప్తూ ఉన్నాడని ఆయన శిష్యుడి ఉత్తరంలో ఉంది. ఆ అనువాదం మనకి దక్కలేదు. ఆల్ఫ్రెడ్ రాజు తన చట్టాల పుస్తకం మొదలుపెట్టిందే పది ఆజ్ఞల్ని ఇంగ్లీషులో పెట్టి. ఇవన్నీ వైక్లిఫ్‌కి ఐదారువందల ఏళ్ళ ముందు మాట.

వీటిలో నాకు బాగా ఇష్టమైంది ఆల్డ్రెడ్ పని. లిండిస్ఫార్న్ సువార్తలు అని లాటిన్ చేతిరాత ప్రతి ఒకటుంది, 700 దాటాక తయారైంది, ఫోటోలు మీరు చూసే ఉంటారు, ఆ ముగ్గులూ రంగులూ చూస్తే కళ్ళు తిరుగుతాయి, బ్రిటిష్ లైబ్రరీలో ఉంది ఇప్పుడు. పదో శతాబ్దంలో ఆల్డ్రెడ్ అనే ఫాదరు దాన్ని ముందేసుకుని ప్రతి లాటిన్ మాట నెత్తిన చిన్నక్షరాలతో ఇంగ్లీషు మాట రాసుకుంటూ పోయాడు. మన పాత కావ్యాలకి పద్యం కింద టీక ఉంటుంది చూడండి, ప్రతిపదార్థం, సరిగ్గా అదే, కాకపోతే కింద కాకుండా పైన. నాలుగు సువార్తలకీ మనకి మిగిలిన ఇంగ్లీషుల్లో అదే పాతది. అంత పవిత్రమైన పుస్తకం మీద పెన్ను పెట్టాడు, దానికి ఎవరూ అతన్ని ఏమీ అనలేదు సరికదా చివర్లో తన పేరు కూడా రాసుకున్నాడు. ఆ తర్వాత 990 ప్రాంతంలో టీకలాగా కాకుండా మామూలుగా చదువుకునే వచనంలో నాలుగు సువార్తలు వచ్చాయి, వెస్సెక్స్ సువార్తలు అంటారు.

అదే కాలంలో ఎల్ఫ్రిక్ అనే ఆయన ఒక జమీందారు అడిగాడని ఆదికాండం కొంత ఇంగ్లీషులోకి చేశాడు, చేస్తూనే ముందుమాటలో భయపడ్డాడు. చదువు తక్కువవాడు ఇది చదివితే ఆ రోజుల్లో పితరులు ఎలా బతికారో నేనూ అలా బతకొచ్చు అనుకుంటాడేమో అని. ఆయనకి చిన్నప్పుడు చదువు చెప్పిన ఒక ఫాదరుకి లాటిన్ అంతంతమాత్రం, ఆయన యాకోబుకి నలుగురు భార్యలు తెలుసా అనేవాడట, అక్కాచెల్లెళ్ళిద్దరు, వాళ్ళ దాసీలిద్దరు. ఫాదరే ఇలా ఉంటే ఇంక మామూలోడి సంగతేంటి అని ఈయన బెంగ. (నవ్వులు) చదివేవాణ్ణి చూసి భయపడటం నాకు కనపడినంతలో ఇక్కడే మొదలు. అయినా అనువాదం చేసి ఇచ్చాడు మరి.

1066లో నార్మన్లు వచ్చారు, రాజు దగ్గర ఫ్రెంచి, చర్చిలో లాటిన్, ఇంగ్లీషు పొలాల్లోకి వంటిళ్ళలోకి పోయింది. పాత ఇంగ్లీషు పుస్తకాలు రెండు మూడు తరాలు తిరిగేసరికి ఎవరికీ అర్థం కాకుండా పోయాయి. మధ్యలో 1340 ప్రాంతంలో రిచర్డ్ రోల్ కీర్తనల్ని ఇంగ్లీషులో పెట్టాడు, ఒక సన్యాసిని కోసం. దానికీ గొడవ లేదు.

ఇప్పుడు వైక్లిఫ్. ఈయన ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసరండి, ఊరూరా తిరిగే బోధకుడు కాదు. ఈయన గురించి చర్చి మండిపడింది ముందు బైబిల్ మీద కాదు, ఆస్తుల మీద. పాపం చేసే ఫాదర్లకి ఆస్తి మీద హక్కు లేదు, రాజు తీసేసుకోవచ్చు అన్నాడు. రాజుగారి తరఫువాళ్ళకి ఇది తీయగా ఉంది, కొన్నాళ్ళు ఆయన్ని వెనకేసుకొచ్చారు కూడా. తర్వాత ప్రభురాత్రి భోజనంలో రొట్టె రొట్టెగానే ఉంటుంది అన్నాడు, అక్కడ చాలామంది పక్కకి తప్పుకున్నారు. అదే టైంలో 1381లో రైతుల తిరుగుబాటు, లండన్‌లోకి జనం చొరబడి ఆర్చిబిషప్ తలకాయే తీసేశారు. దానికి వైక్లిఫ్‌కి సంబంధం ఉందని చెప్పలేం గానీ శత్రువులకి అవకాశం దొరికింది, చూశారా వీడి మాటలు వింటే ఏమవుతుందో అని. ఇది జరిగిన ఒకట్రెండేళ్ళకే ఇంగ్లీషు బైబిల్ బయటికి రావడం మొదలైంది. టైమింగ్ చూడండి.

ఆయనే కూర్చుని రాశాడా అంటే, ఎక్కువమంది పండితులు కాదంటారు, ఆయన చుట్టూ ఉన్న ఆక్స్‌ఫర్డ్ వాళ్ళ పని అది. పాత నిబంధనలో పెద్ద భాగం నికొలస్ హియర్‌ఫర్డ్ చేశాడని ఒక ప్రతిలో రాసి ఉంది, అతని వంతు బారూకు పుస్తకం మధ్యలో టక్కున ఆగిపోతుంది. అనువాదం కూడా హీబ్రూ గ్రీకుల నుంచి కాదు, లాటిన్ నుంచి. మొదటి వెర్షన్ లాటిన్ వరసలోనే మాటలు పేర్చినట్టుంటుంది, చదవడం కష్టం, 1390ల్లో దాన్ని సరిచేసి ఇంకోటి తెచ్చారు, జనంలోకి పోయింది ఆ రెండోది. చేత్తో రాసిన రోజుల్లో, అదీ నిషేధం కింద, ఇవాల్టికీ సుమారు 250 ప్రతులు మిగిలున్నాయి అంటే అప్పుడు ఎన్ని తిరిగి ఉండాలి మీరే ఊహించుకోండి.

1384 చివర్లో వైక్లిఫ్ లట్టర్‌వర్త్‌లో మంచం మీదే పోయాడు. చట్టం తర్వాత వచ్చింది. ఆర్చిబిషప్ అరండెల్ 1407లో ఆక్స్‌ఫర్డ్‌లో రాయించి 1409లో అమల్లో పెట్టాడు, బిషప్ అనుమతి లేకుండా బైబిల్లో ఏ భాగమూ ఎవరూ ఇంగ్లీషులోకి మార్చకూడదు, వైక్లిఫ్ కాలంనుంచి వచ్చినవి చదవకూడదు అని. అక్కడ "అనుమతి లేకుండా" అన్న ముక్క చాలా ముఖ్యం. ఆరో హెన్రీ రాజు దగ్గర ఇదే వైక్లిఫ్ బైబిల్ ఉండేది, ఆ ప్రతిని ఆయన ఒక మఠానికి దానం కూడా ఇచ్చాడు! మఠంవాళ్ళూ కళ్ళకద్దుకుని తీసుకున్నారు. అదే పుస్తకంలో నాలుగు పేజీలు ఒక నేతగాడి ఇంట్లో దొరికితే విచారణ. వైక్లిఫ్‌ని మాత్రం చనిపోయాక 1415లో పెద్ద చర్చి సభలో మతద్రోహి అని తేల్చి, 1428లో ఎముకలు తవ్వి తీసి కాల్చి స్విఫ్ట్ అనే చిన్న ఏట్లో కలిపేశారు, చచ్చిన నలభై నాలుగేళ్ళకి.

ఈయన్ని నమ్మినవాళ్ళని లొల్లార్డులు అనేవారు, చేతివృత్తులవాళ్ళు, రైతులు, ఆడవాళ్ళు ఎక్కువ. జాన్ ఫాక్స్ అని పదహారో శతాబ్దం రచయిత వీళ్ళ విచారణల సంగతులు పోగేశాడు, ఆయన ప్రొటెస్టెంట్ పక్షం మనిషి, అది గుర్తుపెట్టుకునే చదవాలి. యాకోబు పత్రికలోదో పౌలు పత్రికలోదో కొన్ని అధ్యాయాలు ఇంగ్లీషులో ఉంటే దానికి బండెడు ఎండుగడ్డి ఇచ్చినవాళ్ళున్నారట. ఆలిస్ కాలిన్స్ అనే ఒకావిడకి పది ఆజ్ఞలూ, పేతురు యాకోబు పత్రికలూ కంఠతా వచ్చు, నలుగురు చేరినప్పుడు ఆవిణ్ణి పిలిపించుకుని చెప్పించుకునేవాళ్ళు. పుస్తకం దొరికితే పట్టుకుంటారు, మనిషి నోట్లో ఉంటే ఏం పట్టుకుంటారు.

ఇక్కడ ఒక విషయం, దీన్ని చాలామంది దాటేస్తారు. జర్మనీలో 1466లోనే జర్మన్ బైబిల్ అచ్చయింది. పోపు మీద తిరగబడ్డ లూథర్ రాకముందే పద్దెనిమిది జర్మన్ బైబిల్స్ అచ్చయ్యాయి. ఇటాలియన్‌లో 1471లో వచ్చింది. అదే పోపు, అదే చర్చి! ఇంగ్లాండులో మాత్రం 1476లో కాక్స్టన్ ప్రెస్ పెట్టాడు, కథలూ కవిత్వం చదరంగం పుస్తకం కూడా వేశాడు, బైబిల్ వెయ్యలేదు. పరిశుద్ధుల కథల పుస్తకంలో ఆదాము నోవహు మోషే కథలు కలిపేసి పని కానిచ్చాడు, తెలివైన వ్యాపారస్తుడు. కాబట్టి చర్చి ప్రపంచమంతా అనువాదాన్ని అణిచేసింది అనే మాట నిలబడదు, ఇది ఇంగ్లాండు లోకల్ భయం, 1381 భయం, లొల్లార్డుల భయం.

టిండేల్ దగ్గరికి వద్దాం, ఈయన దగ్గర కొంచెం ఆగుతాను.

విలియం టిండేల్ గ్లాస్టర్‌షైర్ మనిషి, ఆక్స్‌ఫర్డ్ చదువు, భాషలు మహా వచ్చు. ఎరాస్మస్ అనే పండితుడు 1516లో గ్రీకు కొత్త నిబంధన అచ్చువేశాడు కదా, దాంతో లాటిన్ని పక్కనపెట్టి నేరుగా మూలం నుంచి చెయ్యొచ్చు అన్న ధైర్యం వచ్చింది. లిటిల్ సాడ్‌బరీలో ఒక దొరగారి పిల్లలకి ట్యూషన్ చెప్తూ భోజనాల దగ్గర వచ్చిన ఫాదర్లతో వాదనలు వేసుకునేవాడు, దేవుడు నాకు ఆయుష్షిస్తే నాగలి తోలే కుర్రాడికి నీకంటే ఎక్కువ లేఖనం తెలిసేలా చేస్తాను అన్నాడని ఫాక్స్ రాశాడు. అంటే మొదటిరోజు నుంచీ ఆయన టార్గెట్ ఎవరో ఆయనకి తెలుసు.

1523లో లండన్ వెళ్ళి బిషప్ టన్‌స్టల్‌ని అడిగాడు, మీ ఇంట్లో చోటిస్తే అనువాదం చేసుకుంటానని. చూడండి, చట్టప్రకారమే వెళ్ళాడు, అనుమతి కోసం. బిషప్‌గారు ఇల్లు ఖాళీ లేదన్నాడు. హంఫ్రీ మన్మత్ అనే బట్టల వ్యాపారి ఆరునెలలు ఇంట్లో పెట్టుకున్నాడు, ఆయన్ని తర్వాత జైల్లో వేస్తే ఇచ్చిన వాంగ్మూలంలో ఉంది, టిండేల్ రాత్రీపగలూ చదువుకుంటూనే ఉండేవాడు, తినేది ఉడకబెట్టిన మాంసం, తాగేది పల్చటి బీరు అని.

1524లో జర్మనీ వెళ్ళిపోయాడు, మళ్ళీ ఇంగ్లాండు మొహం చూడలేదు. 1525లో కొలోన్‌లో అచ్చు మొదలైంది, మత్తయి సువార్త చివరికి వస్తుండగా కోక్లేయస్ అనే ఆయన, లూథర్‌కి పరమ శత్రువు, అదే ప్రెస్‌లో తన పుస్తకం వేయించుకుంటూ పనివాళ్ళ మాటలు చెవినపడి వాళ్ళని ఇంటికి పిలిచి వైన్ పోసి సంగతంతా లాగాడు. ఇది శత్రువులు చెప్పింది కాదు, ఆయనే గొప్పగా రాసుకున్నాడు. టిండేల్ అచ్చయిన కాగితాలు పట్టుకుని పడవెక్కి వోర్మ్స్‌కి పారిపోయాడు. 1526లో అక్కడ చిన్న సైజు పుస్తకం, జేబులో పట్టేది, పేరు కూడా వెయ్యకుండా వచ్చింది. బట్టల బేళ్ళలో దాచి ఓడల్లో ఇంగ్లాండుకి పంపారు. వేలల్లో వేసిన ఆ పుస్తకానికి ఇవాళ తెలిసిన ప్రతులు మూడే, దాంట్లో ఒకటి బ్రిటిష్ లైబ్రరీ 1994లో పది లక్షల పౌండ్లు పెట్టి కొంది.

టన్‌స్టల్ బిషప్ ఆ పుస్తకాల్ని సెయింట్ పాల్స్ దగ్గర కుప్పపోసి కాల్పించాడు. చాలలేదు, కొనేసి కాలుద్దాం అనుకున్నాడు. ఎడ్వర్డ్ హాల్ అనే ఆయన రాసిన చరిత్రలో ఈ కథ ఉంటుంది. ఆంట్వర్ప్‌లో ప్యాకింగ్టన్ అనే వ్యాపారి నేను కొనిపెడతాను అని బిషప్ దగ్గర ఒప్పుకుని నేరుగా టిండేల్ దగ్గరికే వెళ్ళాడట. టిండేల్ సంతోషంగా అమ్మాడు, అప్పులు తీరతాయి, మిగిలిన డబ్బుతో తప్పులు దిద్ది మళ్ళీ వేస్తాను అని. కొన్నాళ్ళకి రాజుగారి మంత్రి థామస్ మోర్ టిండేల్ మనుషుల్లో ఒకణ్ణి పట్టుకుని మీకు డబ్బులెవరిస్తున్నారో నిజం చెప్పు అంటే, అయ్యా, మా బిషప్‌గారేనండి అన్నాడట. (నవ్వులు) కొంచెం మసాలా వేసి ఉండొచ్చు హాల్‌గారు, ఆయన మంచి కథకుడు.

మోర్‌కీ టిండేల్‌కీ జరిగిన పుస్తకాల యుద్ధం పెద్దది, మోర్ ఒక్కడే లక్షల మాటలు రాశాడు. అసలు తగాదా మూడు నాలుగు మాటల మీద. చర్చి అని ఉండాల్సిన చోట టిండేల్ సంఘం అని పెట్టాడు, ప్రీస్టు అన్నచోట పెద్ద అన్నాడు. మన తెలుగు బైబిల్లో ఉన్నవి కూడా అవే, సంఘము, పెద్దలు. మనం మామూలుగా చదువుకుపోతాం గానీ అప్పట్లో దాని అర్థం ఫాదరు ఉద్యోగాలు ఎగిరిపోవడం. మోర్ అంత కోపపడటం నాకు అర్థమవుతుంది, ఆయన మూర్ఖుడు కాదు, అది ఎటు పోతుందో అందరికంటే ముందు చూశాడు.

1530లో మోషే ఐదు కాండాలు హీబ్రూ నుంచి నేరుగా, 1534లో కొత్త నిబంధన దిద్దిన ప్రతి. 1535 మేలో హెన్రీ ఫిలిప్స్ అనే కుర్రాడు, ఇంట్లో నాన్న డబ్బులు జూదంలో తగలేసి వచ్చినవాడు, స్నేహం నటించి భోజనానికి పిలిచాడు. ఫాక్స్ రాసిందాని ప్రకారం ఆ పొద్దున్నే టిండేల్ దగ్గర నలభై షిల్లింగులు అప్పు కూడా తీసుకున్నాడు! ఇరుకు సందులో టిండేల్‌ని ముందు నడవనిచ్చి, తను పొడుగు, వెనకనుంచి ఆయన తలమీదుగా వేలు చూపించి పట్టించాడు. విల్వోర్డ్ కోటలో ఏడాది పైన ఉంచారు. అక్కడినుంచి ఆయన రాసిన ఒక ఉత్తరం దొరికింది, లాటిన్‌లో, చలిగా ఉంది వెచ్చటి టోపీ ఇప్పించండి, సాయంత్రాలు దీపం ఇప్పించండి, అన్నిటికంటే ముఖ్యంగా నా హీబ్రూ బైబిలూ వ్యాకరణమూ నిఘంటువూ ఇప్పించండి అని. 1536 అక్టోబరులో ముందు గొంతు బిగించి చంపి ఆ తర్వాత కాల్చారు. పాత నిబంధన పూర్తి కాలేదు.

ఇంతలో ఇంగ్లాండులో ఎనిమిదో హెన్రీ రాజు పెళ్ళిగొడవలో పోపుతో తెగతెంపులు చేసుకున్నాడు, గాలి మారింది. 1535లో కవర్డేల్ మొత్తం బైబిల్ అచ్చు తెచ్చాడు, మొదటి పూర్తి ఇంగ్లీషు అచ్చు బైబిల్ అదే, ఆయనకి హీబ్రూ గ్రీకు పెద్దగా రావు, టిండేల్‌నీ జర్మన్నీ లాటిన్నీ కలిపి చేశాడు గానీ చెవికి మహా బాగుంటుంది. 1537లో థామస్ మాథ్యూ అనే దొంగపేరుతో జాన్ రోజర్స్ ఇంకోటి తెచ్చాడు, దాంట్లో పెద్ద భాగం టిండేల్ పనే, దానికి రాజుగారి లైసెన్సు! టిండేల్ చచ్చి ఏడాదైనా తిరగలేదు. 1538లో ప్రతి చర్చిలో పెద్ద సైజు ఇంగ్లీషు బైబిల్ పెట్టాలని ఆర్డరు, దానికోసం 1539లో గ్రేట్ బైబిల్. అది పారిస్‌లో అచ్చవుతుంటే అక్కడి మతవిచారణవాళ్ళు పట్టుకున్నారు, కొన్ని కాగితాలు టోపీలు చుట్టుకోడానికి ఒక దుకాణదారుకి అమ్మేస్తే అతని దగ్గర్నుంచి మళ్ళీ కొనుక్కొచ్చారు. దాని తర్వాతి ఎడిషన్ ఒకదాని మొదటిపేజీలో, రాజాజ్ఞ ప్రకారం ఈ బిషప్ పరిశీలించారు అని ఎవరి పేరుందో తెలుసా? టన్‌స్టల్. కుప్పపోసి కాల్పించిన ఆయనే.

మరి అయిపోయిందా గొడవ? కాలేదండి. చెమ్స్‌ఫర్డ్‌లో విలియం మాల్డన్ అనే కుర్రాడు, చర్చిలో ఒక మూల పేదవాళ్ళు చదువుతుంటే వినడానికి వెళ్తే తండ్రి వచ్చి లాక్కుపోయేవాడు. ఇలాక్కాదని తనే అక్షరాలు నేర్చుకుని, తండ్రి దగ్గర పని నేర్చుకునే ఇంకో కుర్రాడితో కలిసి డబ్బులు పోగేసి కొత్త నిబంధన కొని పరుపుగడ్డిలో దాచారు. ఒకరోజు తల్లితో శిలువకి మొక్కడం గురించి వాదన వేసుకుంటే తండ్రి మెడకి తాడేసి లాగాడు, ఇంట్లోవాళ్ళు అడ్డంపడితే బతికాడు. పుస్తకం చట్టబద్ధమే, రాజుగారి బొమ్మతో చర్చిలో గొలుసేసి ఉంది, కానీ ఇంటిలోపల, సత్రాల్లో, కల్లుపాకల్లో కుర్రాళ్ళు దాన్ని పట్టుకుని పెద్దవాళ్ళతో వాదిస్తున్నారు. రాజుగారికి కూడా ఇదే కంప్లైంటు. 1543లో చట్టం తెచ్చారు, చేతిపనివాళ్ళు, పని నేర్చుకునే కుర్రాళ్ళు, కూలీలు, చిన్నరైతులు, ఆడవాళ్ళు బైబిల్ చదవకూడదు, గొప్పింటి ఆడవాళ్ళైతే ఒంటరిగా తమలో తాము చదువుకోవచ్చు. భాష అదే, అనువాదం అదే, రాజు అనుమతి ఉంది. తీసేసింది చదివేవాణ్ణి. 1546లో సెయింట్‌బరీ కొండమీద గొర్రెలు కాసుకునే రాబర్ట్ విలియమ్స్ వేరే ఏదో పుస్తకం కొనుక్కుని దాంట్లో రాసుకున్నాడు, గొర్రెల కాపర్లు టెస్టమెంటు చదవకూడదని తీసేసిన రోజుల్లో ఇది కొన్నాను, దేవుడు ఆ గుడ్డితనాన్ని బాగుచెయ్యాలి అని. ఆ రాత ఇంకా ఉంది. కాడ్మన్ కాలానికీ దీనికీ మధ్య ఏం మారిందో చూడండి, ఇద్దరూ మందని కాసేవాళ్ళే.

హెన్రీ పోయాక ఆ చట్టం తీసేశారు. కేథలిక్ అయిన మేరీ రాణి వచ్చి 1555లో జాన్ రోజర్స్‌ని కాల్చింది, మిగతావాళ్ళు జెనీవా పారిపోయి 1560లో జెనీవా బైబిల్ తెచ్చారు, వచనాలకి నంబర్లు, మ్యాపులు, పక్కన నోట్సు, ఇంట్లో కూర్చుని ఎవరి సాయం లేకుండా చదువుకునేలా. షేక్స్‌పియర్ ఎక్కువగా వాడింది ఇదే. కేథలిక్కులు కూడా 1582లో రైమ్స్‌లో తమ కొత్త నిబంధన వేశారు. జేమ్స్ రాజుకి ఆ జెనీవా నోట్సు అంటే ఒళ్ళుమంట, ఫరో మాట మంత్రసానులు వినకపోవడం సబబే అని రాసుంది మరి, రాజు మాట వినక్కర్లేదని కదా! 1604లో హాంప్టన్ కోర్టు మీటింగులో కొత్త అనువాదం అని ఒకాయన అడగ్గానే పట్టుకున్నాడు, నోట్సు లేకుండా అని షరతు. సుమారు 47 మంది, ఆరు జట్లు, 1611లో వచ్చింది, అదే కింగ్ జేమ్స్ బైబిల్. దాని కొత్త నిబంధనలో నూటికి ఎనభై పైన టిండేల్ మాటలే అని లెక్కలు తీసినవాళ్ళు తేల్చారు. 1631లో దాన్ని అచ్చేసే రాజుగారి ప్రెస్ ఏడో ఆజ్ఞలో "వద్దు" అన్న మాట ఎగరగొట్టి వ్యభిచరించుము అని అచ్చేసి 300 పౌండ్ల జరిమానా వేయించుకుంది. (నవ్వులు)

ఏమైనా అడుగుతారా? ఆ, వెనక అమ్మాయి.

(ప్రశ్న: తెలుగు బైబిల్‌కి దీనితో ఏమైనా సంబంధం ఉందా సార్?)

ఉందమ్మా. తెలుగులోకి ముందు చేసింది జర్మన్ ఆయన, బెంజమిన్ షుల్జ్, మద్రాసులో 1720లు 30లలో, అది అచ్చుకాలేదు. తర్వాత 1805లో విశాఖపట్నం వచ్చిన క్రాన్, డిగ్రాంజ్ అనేవాళ్ళు ఆనందరాయర్ అనే ఆయన సాయంతో సువార్తలు మొదలెట్టారు, ఇద్దరూ నాలుగైదేళ్ళలోనే ఇక్కడే చనిపోయారు, మూడు సువార్తలు 1812లో బెంగాల్‌లో సీరాంపూర్ ప్రెస్‌లో అచ్చయ్యాయి. ఆ ప్రెస్ విలియం కేరీ వాళ్ళది, కేరీ ఇంగ్లాండులో చెప్పులు కుట్టి బతికినవాడు, కింగ్ జేమ్స్ చదువుకుని పెరిగినవాడు, 1543 చట్టం కింద అయితే పుస్తకం ముట్టుకోడానికే వీల్లేదు. అదే 1812 మార్చిలో ప్రెస్ తగలబడి అచ్చులూ రాతప్రతులూ చాలా పోయాయి, మళ్ళీ మొదట్నుంచి చేసుకుని 1818లో కేరీ తెలుగు కొత్త నిబంధన తెచ్చారు.